రాడార్ తప్పేం లేదు

పోయినేడు వేసవిలో ఒక ఆదివారం పొద్దున్నే విశాఖ బీచ్ రోడ్డు మీద పడ్డాను. పొద్దున పూట కాసేపు అక్కడ బళ్లను రానివ్వరు. నడిచేవాళ్లు, సైకిళ్లవాళ్లు, స్కేటింగ్ నేర్చుకునే పిల్లలు, వాళ్ల మధ్యలో నేనూ, ఇంట్లో కట్టుకున్న నా ఎలక్ట్రిక్ స్కేట్‌బోర్డూ. కురుసుర సబ్‌మెరైన్ దాటాక రోడ్డు ఖాళీగా కనిపించింది. బొటనవేలితో రిమోట్ చక్రాన్ని ముందుకు తోశాను. గంటకు పాతిక కిలోమీటర్లు దాటి ఉంటుంది. మోటారు లాగుతున్నప్పుడు ఒంటిని కాస్త ముందుకు వంచి నిలబడాలి, లేకపోతే వెనక్కి పడతాం. అలా వంగి ఉండగానే లాగుడు ఠక్కున ఆగిపోయింది. ముందుకు తూలాను. తమాయించుకుని వెనక్కి సర్దుకుంటున్నాను, సరిగ్గా అప్పుడు సిగ్నల్ తిరిగొచ్చింది. నా వేలు ఇంకా చక్రాన్ని ముందుకే తోసి పట్టుకుని ఉంది. బోర్డు ఒక్క ఉదుటున కాళ్ల కింద నుంచి వెళ్లిపోయింది. అది ముందుకి, నేను వెనక్కి.

హెల్మెట్ ఉంది కాబట్టి తలకేం కాలేదు. మోచెయ్యి మాత్రం బాగా చెక్కుకుపోయింది. వాకింగ్‌కొచ్చిన ఒక పెద్దాయన ఆగి మంచినీళ్లిచ్చి, "ఎందుకు బాబూ నీకివన్నీ, పిల్లలు గలవాడివి" అన్నారు. నాకు పిల్లలున్నారని ఆయనకెలా తెలిసిందో.

ఇంటికొచ్చి మా మేనల్లుడికి ఫోన్ చేశాను. ఇంజినీరింగ్ చదువుతున్నాడు, బోర్డు కట్టడంలో సగం పని వాడిదే. వాడు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, "ఓడల రాడార్ అయ్యుంటుంది మావయ్యా, సముద్రం పక్కన కదా" అన్నాడు. నాకా మాట భలే నచ్చింది. మూడు వారాలు అదే నమ్మాను, మోచేతి కట్టు చూసి అడిగినవాళ్లందరికీ అదే చెప్పాను. రాడార్ అనగానే ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. తర్వాత చదువుకుంటే తేలిందేమిటంటే, ఓడల మీద తిరిగే రాడార్లు ఎక్కువగా 3 గిగాహెర్ట్జ్ దగ్గరా, 9 గిగాహెర్ట్జ్ దగ్గరా పనిచేస్తాయి. నా రిమోట్‌ది 2.4. పాపం, ఓడలకు నా గొడవే తెలియదు.

నేననేది ఇదే. ఇంట్లో కట్టుకున్న బోర్డు రిమోట్ సిగ్నల్ తెగిందంటే మనం ముందుగా గాలిని తిడతాం. వైఫై అంటాం, సెల్ టవర్ అంటాం, చౌక రేడియో అంటాం. తర్వాత ఇంకా బలమైన రేడియో కొంటాం. నా అనుభవంలో తప్పు గాలిలో దొరికింది తక్కువ, నా సోల్డరింగ్‌లోనూ నా కోడ్‌లోనూ దొరికింది ఎక్కువ. పైగా రేడియోను ఎంత బాగుచేసినా ఎప్పుడో ఒకప్పుడు తెగి తీరుతుంది. తెగిన ఆ ఒక్క సెకనులో బోర్డు ఏం చేయాలన్నది నేను ముందే రాసిపెట్టలేదు. నన్ను పడేసింది అది.

బోర్డులో ఏముందో చెప్పాలి కదా. చెక్క డెక్కు. కింద పది సెల్స్ సిరీస్‌లో కట్టిన లిథియం ప్యాక్, నిండా ఛార్జ్ చేస్తే 42 వోల్టులు. బెల్టుతో తిప్పే ఒక బ్రష్‌లెస్ మోటారు. దాన్ని నడిపేది వెస్క్, అంటే స్వీడన్ ఇంజినీరు బెంజమిన్ వెడ్డర్ తయారుచేసి, డిజైన్‌ను అందరికీ వదిలిపెట్టిన మోటారు కంట్రోలర్. రిమోట్‌లో ఒక ఆర్డుయినో నానో అనే వేలెడంత కంప్యూటరు, బోర్డులో ఇంకో నానో, రెండింటికీ చెరొక ఎన్‌ఆర్‌ఎఫ్24ఎల్01+ రేడియో మాడ్యూల్. సెకనుకు 50 సార్లు, అంటే 20 మిల్లీసెకన్లకోసారి, వేలు ఎక్కడుందో రిమోట్ చెబుతుంది, బోర్డు వింటుంది. లెక్కకు అంతే.

పడ్డాక నేను చేసిన మొదటి పని, అందరూ చేసేదే, పెద్ద రేడియో కొనడం. అదే చిప్పు, కానీ వెనక యాంప్లిఫయరు, బయటికి పొడుచుకొచ్చే నల్ల యాంటెన్నా. అమ్మేవాడు కిలోమీటరు అందుతుందని రాశాడు. నా చేతికీ బోర్డుకీ మధ్య దూరం ఎంతని? మహా అయితే ఒకటిన్నర మీటరు. అయినా కొన్నాను. బిగించాక రోజుకోసారి తెగేది కాస్తా పూటకు నాలుగుసార్లు తెగడం మొదలైంది.

అక్కడ బుద్ధి వచ్చింది. ఊహించడం మానేసి లెక్క రాయాలనుకున్నాను. ప్రతి ప్యాకెట్‌లో (రిమోట్ పంపే ఒక్కో కబురు) ఒక బైటు వరుస సంఖ్య పెట్టాను: 1, 2, 3 అలా 255 దాకా, మళ్లీ సున్నా. బోర్డులో ఉన్న నానో ఏ సంఖ్య ఎగిరిపోయిందో చూసి, ఆ క్షణంలో మోటారు ఎంత కరెంటు లాగుతోందో వెస్క్‌ను అడిగి, రెండూ ఎస్‌డీ కార్డులో రాసేది. ఫోన్‌లో దారి రికార్డు చేశాను. వారం తిరిగాక కూర్చుని చూస్తే, మ్యాప్ మీద తెగిన చోట్లకు ఒక పద్ధతీ పాడూ లేదు. సముద్రం ఎదురుగా తెగింది, మా వీధిలో తెగింది, అపార్టుమెంటు సెల్లార్‌లో కూడా తెగింది. కరెంటు అంకెల పక్కన పెట్టి చూస్తే మాత్రం కథ తేటగా ఉంది. దాదాపు ప్రతిసారీ మోటారు 20 ఆంప్స్ పైన లాగుతున్నప్పుడే. అంటే తెగుడుకి చోటుతో పనిలేదు, నా వేలితోనే పని.

కారణం విప్పి చూస్తే నవ్వొచ్చింది. నానో మీద 3.3 వోల్టుల కాలు (పిన్ను) ఒకటుంటుంది, రేడియోకి కరెంటు దాని నుంచే ఇచ్చాను. ఆ కాలు ఇవ్వగలిగేది 50 మిల్లీఆంప్స్. చిన్న రేడియో మాడ్యూల్‌కి అది చాలు, పంపేటప్పుడు 11, వినేటప్పుడు 13 మిల్లీఆంప్స్ చుట్టుపక్కల తీసుకుంటుంది. యాంప్లిఫయరున్న పెద్దది పంపేటప్పుడు 100 దాటిపోతుంది. బోర్డువైపు రేడియో వినడమే కదా, పంపేదేముంది అనుకున్నాను. ఉంది. ప్రతి ప్యాకెట్‌కీ "అందింది" అని తిరిగి జవాబు పంపుతుంది. సెకనుకు 50 సార్లు ఆ జవాబు కోసం గొంతెత్తినప్పుడల్లా దాని వోల్టేజీ కుంగుతోంది. దానికి తోడు మోటారుకెళ్లే మూడు లావు తీగల పక్కనే నానోని డబుల్ టేపుతో అంటించి పెట్టాను. మోటారు గట్టిగా లాగినప్పుడు ఆ తీగల నుంచి పుట్టే విద్యుత్ గోలంతా రేడియో సన్న తీగల్లోకి. అసలే నీరసంగా ఉన్న రేడియో అక్కడితో పడిపోయేది. బలం పెంచానని నేననుకున్నాను, దాని పొట్ట కొట్టాను.

పెద్ద రేడియోలు రెండూ పీకేసి పాత చిన్నవే పెట్టాను. 3.3 వోల్టులకు వేరుగా, వోల్టేజీని నిలకడగా ఉంచే ఏఎంఎస్1117 రెగ్యులేటర్ ఇచ్చాను. మాడ్యూల్ కాళ్ల దగ్గరే, తీగ చివర కాదు, సరిగ్గా ప్లస్ మైనస్ కాళ్ల మీదే, 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ సోల్డర్ చేశాను. కొట్టువాడు దానికి డబ్బులు తీసుకోవడానికి మొహమాటపడ్డాడు. నానోని మోటారు తీగల నుంచి డెక్కు అవతలి కొసకు మార్చాను. గుచ్చి పెట్టే జంపర్ వైర్లు తీసేసి అన్నీ టంకం పెట్టాను. తీసినప్పుడు చూస్తే రెండు జంపర్ల పిన్నులకు పచ్చగా చిలుము పట్టి ఉంది. ఉప్పుగాలి. మా ఊళ్లో ఏసీ బయటి డబ్బాలే తుప్పుపట్టి రాలిపోతుంటాయి, జంపర్ వైరు ఎంత. ఎలక్ట్రానిక్స్ పాఠాల్లో ఈ సంగతి రాయరు గానీ బీచ్ రోడ్డు మీద తిరగాలనుకునేవాడికి ఇది మొదటి పాఠం.

ఆ తర్వాత వారం లాగ్‌లో, అంటే కార్డులో రాసుకున్న లెక్కలో, 20 ఆంప్స్ దగ్గర తెగుళ్లు లేవు. పూర్తిగా పోయాయా అంటే పోలేదు. చిన్న చిన్న ఖాళీలు మిగిలాయి, నాలుగైదు ప్యాకెట్లు ఎగిరిపోయేవి, అదీ ఒక లయలో, సెకనుకోసారి. గాలికి అంత క్రమశిక్షణ ఉండదు. మూడు రాత్రుళ్లు కూర్చుంటే దొంగ రిమోట్‌లోనే దొరికాడు. రిమోట్‌కి ముద్దుగా ఒక చిన్న ఓఎల్‌ఈడీ తెర పెట్టుకున్నాను, వేగం, బ్యాటరీ శాతం చూపించడానికి. 128 చుక్కలు అడ్డం, 64 నిలువు, అంటే 1024 బైట్లు. తెరకీ నానోకీ మధ్య తీగల వేగాన్ని మామూలు 100 కిలోహెర్ట్జ్‌లోనే వదిలేస్తే ఆ బైట్లన్నీ తోయడానికి 90 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. ఆ సేపంతా నానో బొమ్మ గీస్తూ కూర్చుంటుంది, నా వేలిని పట్టించుకోదు. సెకనుకోసారి అంకె మారినప్పుడల్లా నాలుగైదు ప్యాకెట్లు గోవిందా. ఎంత వేగంగా పోతున్నానో నాకు చూపించడం కోసం నా బ్రేకునే ఆపి ఉంచుతోంది! తెర పీకేశాను. ఒక ఎల్‌ఈడీ పెట్టాను, ఆకుపచ్చ అంటే బాగుంది, ఎరుపు అంటే ఇంటికి పో. నిజం చెప్పాలంటే నడిపేటప్పుడు తెర వైపు చూసేవాడు ఎలాగూ పడతాడు.

గాలిలో అసలు ఇబ్బందే లేదని అనడం లేదు. ఉంది, కానీ దానికి మందు బలం కాదు. ఈ చిప్పుకు 2400 మెగాహెర్ట్జ్ నుంచి మెగాహెర్ట్జ్‌కొకటి చొప్పున 126 ఛానళ్లున్నాయి. మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోగలిగేది 2483.5 దాకానే. 'వైఫై లేని చోటికి పో, ఛానల్ 108 పెట్టుకో' అని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది. అది 2508 మెగాహెర్ట్జ్, టెలికాం కంపెనీలకు కేటాయించిన చోటు. మనది కాదు. కింది కొసకు వెళ్దామంటే 2300 నుంచి 2400 వరకు మన 4జీ ఫోన్లు మాట్లాడుకునే బ్యాండు, జేబులో ఉన్న ఫోనే పక్కింటివాడు. మిగిలింది వైఫై 11వ ఛానల్ అయిపోయాక, 2474కీ 2482కీ మధ్య ఉన్న సందు. నేను 80లో స్థిరపడ్డాను. 915 మెగాహెర్ట్జ్ మాడ్యూళ్లు తెప్పించుకునేవాళ్లకు కూడా ఒక మాట, అది అమెరికాలో చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు. మనకు ఆ పరిసరాల్లో వదిలింది 865 దగ్గరి చిన్న ముక్క.

ఛానల్ కంటే ఎక్కువ పనిచేసింది వేగం తగ్గించడం. నేను మొదట్లో సెకనుకు 2 మెగాబిట్లు పెట్టాను, ఎక్కువ ఉంటే మంచిదే కదా అని. చిప్పు డేటాషీట్ ప్రకారం 250 కిలోబిట్లకు దిగితే అదే రేడియో 12 డెసిబెల్స్ సన్నని మాట కూడా వింటుంది. ఖాళీ మైదానంలో అది నాలుగు రెట్ల దూరంతో సమానం, ఒక్క పైసా ఖర్చు లేకుండా, కోడ్‌లో ఒక్క లైను. నేను పంపేది నాలుగు బైట్లు. నాలుగు బైట్లకు హైవే ఎందుకు?

మళ్లీ మళ్లీ పంపడం కూడా తగ్గించాను. ప్యాకెట్ అందకపోతే 15 సార్లు ప్రయత్నించమని రేడియో లైబ్రరీ, అంటే ఎవరో రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్, ముందే పెట్టి ఉంచింది. ఉష్ణోగ్రత పంపే పరికరానికి అది బాగుంటుంది. నాకు మాత్రం 20 మిల్లీసెకన్ల కిందటి వేలు ఎక్కడుందన్నది పాత కబురు. పాత కబురునే పదిహేనుసార్లు అరిచే బదులు కొత్త కబురు ఒకసారి చెప్పడం మేలు. రెండు ప్రయత్నాలు చాలన్నాను.

ఇక్కడే ఇంకో తప్పు బయటపడింది, సెల్లార్‌లో. మేనల్లుడు నా కోడే కాపీ చేసుకుని వాడికో బోర్డు కట్టుకున్నాడు. వాడి బోర్డు స్టాండు మీద తలకిందులుగా ఉంది. నేను నా రిమోట్ ఆన్ చేసి వేలు కదిపాను. నా బోర్డుతో పాటు వాడిదీ గిర్రున తిరిగింది. వాడి చెయ్యి బెల్టు పక్కనే ఉంది. "మావయ్యా!" అని ఒక్క కేక. రేడియో చిరునామాను లైబ్రరీ ఉదాహరణలో ఉన్నది ఉన్నట్టు ఉంచేశాను, వాడూ అలాగే ఉంచేశాడు. లోకంలో ఆ ఉదాహరణ కాపీ చేసినవాళ్లందరి బోర్డులూ నా వేలి మాట వింటాయన్నమాట. ఆ రాత్రే ఐదు బైట్ల చిరునామా మార్చాం, ఇద్దరం వేర్వేరుగా.

రేడియోకి ఎంత వెసులుబాటు మిగిలిందో తెలుసుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. బలాన్ని పెంచకుండా తగ్గించి చూడటం. ఈ చిప్పుకు నాలుగు మెట్లున్నాయి, సిగ్నల్ బలం కొలిచే డీబీఎం లెక్కలో పైది 0, అడుగుది మైనస్ 18. అడుగు మెట్టులో పెట్టి, రిమోట్‌ను గుప్పిట్లో మూసి, బోర్డుకు వీపు తిప్పి పది మీటర్లు నడిచాను. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీళ్లే, 2.4 గిగాహెర్ట్జ్‌ను నీళ్లు బాగా మింగేస్తాయి. అలా అడ్డంగా నిలబడినా లెక్క తప్పకపోతే, పూర్తి బలంతో ఒకటిన్నర మీటరుకి టెన్షన్ పడక్కర్లేదు. మొదటిసారి ఆరు మీటర్ల దగ్గరే ఆగిపోయింది. చూస్తే బోర్డువైపు మాడ్యూల్ అల్యూమినియం డబ్బా మూత కింద ఉంది. రేడియోను రేకు డబ్బాలో పెట్టి సిగ్నల్ రాలేదని ఏడ్చాను. ముందు కొసకు, ప్లాస్టిక్ మూత కిందకి మార్చాక పది దాటింది.

ఇంతా చేశాక లాగ్ శుభ్రం. ఇక్కడితో ఆపేవాళ్లే ఎక్కువ. అసలు పని ఇక్కడ మొదలవుతుందని నా వాదన.

గంటకు పాతిక కిలోమీటర్లంటే సెకనుకు ఏడు మీటర్లు. వెస్క్‌కు ఆదేశం రాకపోతే ఎంతసేపు ఎదురుచూడాలో చెప్పే టైమౌట్ సెట్టింగు ఒకటుంది, ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు ఒక సెకను. ఆ తర్వాత బ్రేకు ఎంత వేయాలి అన్న చోట సున్నా. అంటే సిగ్నల్ పోయాక ఏడు మీటర్లు పాత ఆదేశంతోనే పోతుంది, తర్వాత దొర్లుతూ పోతుంది. సమతలం మీద దొర్లితే ఫర్వాలేదు. వాల్తేరు అప్‌ల్యాండ్స్ వైపు నుంచి బీచ్‌కి దిగే వాలు మీద దొర్లితే కింద ట్రాఫిక్‌లో తేలతాం. అలాగని తెగగానే గట్టిగా బ్రేకు వేయమంటే, అది నన్ను బోర్డు మీంచి విసిరేసే యంత్రం.

దుకాణంలో దొరికే బొమ్మ కార్ల తరహా రిమోట్లు ఇంకో రకం. వాటి రిసీవర్ 20 మిల్లీసెకన్లకోసారి ఒక పల్సు ఇస్తుంది, 1 నుంచి 2 మిల్లీసెకన్ల వెడల్పు, మధ్యలో 1.5 అంటే ఊరకే ఉండు అని. కొన్ని రిసీవర్లు రిమోట్ చచ్చిపోయినా ఆఖరి పల్సునే ఇస్తూ పోతాయి. వెస్క్‌కు పల్సులు చక్కగా వస్తూనే ఉంటాయి కాబట్టి దాని టైమౌట్ ఎప్పటికీ పనిచేయదు. బోర్డు ఆఖరిసారి చెప్పిన వేగంతో సముద్రంలోకైనా పోతుంది. 'సొంతంగా చేసుకుంటే ఇవే తిప్పలు, రెడీమేడ్ కొనుక్కో' అనేవాళ్లు తమ రిసీవర్ ఏ రకమో ఎప్పుడైనా చూశారా? చక్రాలు పైకి పెట్టి, సగం వేగంలో తిప్పుతూ, రిమోట్ ఆపేస్తే చాలు. రెండు నిమిషాల పని.

నేను ఇలా రాసుకున్నాను. 100 మిల్లీసెకన్లు, అంటే వరుసగా ఐదు ప్యాకెట్లు రాకపోతే, లాగుడును ఠక్కున కోసేయకుండా పావు సెకనులో జారుస్తూ సున్నాకు దించాలి, ఒంటికి సర్దుకునే వ్యవధి దొరుకుతుంది. సెకను దాటినా కబురు లేకపోతే బ్రేకు మొదలుపెట్టి, రెండు సెకన్లలో మెల్లగా 8 ఆంప్స్‌కు తేవాలి. నానోయే బిగుసుకుపోతే చూసుకోవడానికి వెస్క్ టైమౌట్‌ను అర సెకనుకు కుదించి, అక్కడ 5 ఆంప్స్ మెత్తని బ్రేకు పెట్టాను. ఒక కాపలావాడు నిద్రపోతే ఇంకొకడు. ఒక్క లోపం మిగిలే ఉంది. నిండా ఛార్జ్ చేసి వాలు దిగితే, బ్రేకు వెనక్కి పంపే కరెంటును తీసుకోవడానికి బ్యాటరీలో చోటుండదు. అందుకే గుట్ట పైనుంచి మొదలుపెట్టే రోజు ఛార్జింగ్ కాస్త ముందే ఆపేస్తాను.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది ఆఖరి లైను. సిగ్నల్ తిరిగొచ్చాక, వేలు ఒకసారి మధ్యకు వచ్చేదాకా ముందుకు లాగమనే ఏ ఆదేశమూ చెల్లదు. బ్రేకు ఆదేశం మాత్రం ఆ క్షణం నుంచే చెల్లుతుంది. ఆ ఆదివారం నన్ను పడేసింది సిగ్నల్ పోవడం కాదు, తిరిగి రావడం. తూలాను, కానీ అప్పటికి ఇంకా బోర్డు మీదే ఉన్నాను. ఈ ఒక్క లైను ఉండుంటే నా మోచెయ్యి ఇంకా మోచెయ్యిలాగే ఉండేది.

మొన్న ఆదివారం అదే చోట, అంతే వేగంలో, రిమోట్ స్విచ్ నేనే ఆపేశాను. రెండు రోజులుగా అనుకుంటూ వాయిదా వేస్తున్న పని. లాగుడు అరచేతిలోంచి తాడు జారినట్టు జారిపోయింది. బోర్డు దొర్లింది. లోపల లెక్కపెట్టుకుంటున్నాను. తర్వాత ఎవరో వెనకనుంచి చొక్కా పట్టుకుని నెమ్మదిగా లాగినట్టు బ్రేకు పడింది. నడిచే వేగానికి వచ్చాక దిగి, బోర్డు చంకలో పెట్టుకున్నాను. పోయినేడు మంచినీళ్లిచ్చిన పెద్దాయనే ఎదురొచ్చారు.

"ఏం బాబూ, ఛార్జింగ్ అయిపోయిందా?"

"లేదండీ, నేనే ఆపి చూశాను. ఆగుతుందా లేదా అని."

"ఆగడానికైతే ఇంటి దగ్గరే ఉండొచ్చు కదయ్యా" అని ఆయన నడుచుకుంటూ వెళ్లిపోయారు.